పఠన మందిరం చెల్లించే గ్రంథాలయ సెస్సు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో అదొక పట్టణం. అక్కడో సాహిత్య సంఘం. ఊరి పేరూ, సంఘం పేరూ రాయవద్దన్నారు కార్యదర్శిగారు. పెంకుటిల్లు, ముందు వరండా, లోపల పొడవాటి బల్ల, దానికి రెండు వైపులా బెంచీలు. గోడ మేకుకు పేపర్ల బిల్లు, కరెంటు బిల్లు, వాటి పైన ఆస్తి పన్ను డిమాండ్ నోటీసు గుచ్చి ఉన్నాయి. నోటీసులో పన్ను మొత్తం కింద ఇంకో వరుస ఉంది: గ్రంథాలయ సెస్సు. సాయంత్రం అయిదింటికి తలుపులు తీసి, ఎవరొచ్చినా పైసా అడక్కుండా పత్రికలు చదువుకోనిచ్చే ఇల్లది. ఊళ్లో జనం చదువుకోవడానికని చెప్పి ఆ ఇంటి దగ్గరే పన్ను రూపాయికి 8 పైసల చొప్పున సెస్సు వసూలు చేస్తున్నారు. ఆ వరుస మీద వేలు పెట్టి నేను నవ్వితే, ‘‘చట్టం అలా ఉంది మాస్టారూ’’ అని ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు.

చట్టం అలా ఉంటే చట్టాన్నే మార్చాలి. సాహిత్య సంఘాలు, సేవా సంఘాలు సొంత పని కోసం వాడుకుంటున్న భవనాలకు ఆస్తి పన్ను ఎత్తివేయాలి. కమిషనర్‌కో ఎమ్మెల్యేకో అర్జీ పెట్టుకుంటే దయతలచి ఇచ్చే మినహాయింపు అక్కర్లేదు. చట్టంలోనే ఒక వాక్యం కావాలి.

2021 ఏప్రిల్ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆస్తి పన్నుకు అద్దె విలువ పద్ధతి పోయి మూలధన విలువ పద్ధతి వచ్చిన సంగతి పాఠకులకు తెలిసిందే. ఒక ఏడాదిలో 15 శాతానికి మించి పెరగదని అప్పట్లో భరోసా ఇచ్చారు. ఏటా 15 శాతం చొప్పున అయిదేళ్లు పెరిగితే పన్ను రెట్టింపవుతుందని లెక్కల మాస్టారు చెప్పనక్కర్లేదు. కొత్త పద్ధతి ఈ సంఘాలకు చేసిన అసలు అపకారం ఇంకొకటుంది. ఇల్లు అద్దెకిస్తే ఎంత వస్తుందని పాత పద్ధతి అడిగేది. అమ్మితే ఎంత పలుకుతుందని కొత్తది అడుగుతోంది. మన పాత సంఘాలన్నీ ఊరి నడిబొడ్డునే ఉంటాయి, వాటిని కట్టిన రోజుల్లో ఊరంతా అంతే కాబట్టి. ఇప్పుడు అక్కడ గజం ధర వింటే గుండె గుభేలుమంటుంది. ఎన్నడూ అమ్మని, అమ్మే హక్కు ఏ సభ్యుడికీ లేని స్థలానికి అమ్మకం ధర కట్టి పన్ను అడగడం ఏం న్యాయం?

ఈ సంఘాలు పుట్టిన చట్టమే వాటి తరఫున సాక్ష్యం చెబుతుంది. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం పూర్తి పేరు చదవండి: సాహిత్య, విజ్ఞాన, ధర్మ సంస్థల నమోదు కోసం చేసిన చట్టం. మూడింటినీ ఒకే వరుసలో కూర్చోబెట్టారు. మన రాష్ట్రంలో దాని స్థానంలో వచ్చిన 2001 చట్టమూ సాహిత్యాన్ని, కళలను, దానధర్మాలను విడదీయలేదు. నమోదు చేసేటప్పుడు ఒక్క తల్లి బిడ్డలు. పన్ను దగ్గరకు వచ్చేసరికి మాత్రం సవతి బిడ్డ ఎవరో తేలిపోతుంది. పురపాలక చట్టంలోని మినహాయింపుల జాబితాలో గుడి, మసీదు, చర్చి ఉన్నాయి. అద్దె తీసుకోని సత్రం, గుర్తింపు ఉన్న విద్యాసంస్థ, ధర్మాసుపత్రి, శ్మశానం ఉన్నాయి. ఉండాల్సిందే, ఎవరూ కాదనరు. సాహిత్య సంఘం అన్న మాట మాత్రం వెతికినా దొరకదు. మాది పుస్తకాలున్న గదే కదా అని వాదించి ఒక గదికి మినహాయింపు తెచ్చుకున్నా, పక్కనున్న నాటకం రిహార్సల్ గదిని ఏ పద్దులో వేస్తారు?

ఇదేదో నా సొంత బుర్రలో పుట్టిన కోరిక కాదు. సాహిత్య, విజ్ఞాన, లలితకళా సంఘాల భవనాలకు స్థానిక పన్నులు ఉండరాదని బ్రిటన్ 1843లోనే చట్టం చేసింది. సంఘం స్వచ్ఛంద చందాలతో నడవాలి, సభ్యులు లాభం పంచుకోకూడదు. ముఖ్యమైన షరతులు ఆ రెండే. ఆ భాష మన దేశానికీ వచ్చింది. 1957 నాటి ఢిల్లీ నగరపాలక చట్టంలో ధర్మసంస్థల మినహాయింపుకు దాదాపు ఇవే షరతులు పెట్టారు. ఎటొచ్చీ అందులో ‘ధర్మం’ అంటే ప్రధానంగా పేదల సహాయం, విద్య, వైద్యం. సాహిత్యం వాకిట్లోనే నిలబడిపోయింది.

‘క్లబ్బులకు మినహాయింపు ఇస్తే పేకాట క్లబ్బులన్నీ రాత్రికి రాత్రే సాహిత్య సంఘాలైపోతాయి, మునిసిపాలిటీ ఖజానా ఏం కావాలి’ అంటారు. పేకాట సంగతి నిజమే, అందుకే షరతులు. బార్ ఉన్నా, పేక బల్ల ఉన్నా, పెళ్లిళ్లకు అద్దెకిచ్చినా ఆ భాగానికి నిక్షేపంగా పన్ను వేయండి. రోడ్డు వైపు కొట్లు కట్టి బాడుగ తింటుంటే దానికీ వేయండి. రిజిస్ట్రేషన్ కాగితం చూపిస్తే చాలదని, స్వచ్ఛంద చందాలు, ప్రజా ప్రయోజనం నిజంగా ఉన్నాయని రుజువు చేసుకోవాలని 1992లో చిల్డ్రన్ బుక్ ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు ఢిల్లీ చట్టం మీద తీర్పు చెప్పనే చెప్పింది. జల్లెడ తయారుగా ఉంది, పట్టేవాళ్లే కావాలి. ఇక ఖజానా మాటంటారా, పట్టణానికి నాలుగైదుకు మించని ఈ ఇళ్ల పన్నుతో నిండేది ఏ ఖజానా?

ఖజానా అన్నారు కాబట్టి ఆ సెస్సు సంగతీ తేల్చుకుందాం. నాకు అసలు ఒళ్లు మండేది అక్కడే. 1948లో మద్రాసు గ్రంథాలయ చట్టం వచ్చినప్పుడు పన్ను రూపాయికి అర్ధణా (ఇప్పటి లెక్కలో సుమారు 3 పైసలు) సెస్సు పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌కు 1960లో సొంత చట్టం వచ్చింది. ఇప్పుడు రూపాయికి 8 పైసలు. ఇరవై వేల పన్ను మీద 1,600 రూపాయలు. మా కార్యదర్శిగారి సంఘానికి ఆ సొమ్ముతో కొన్ని నెలల పేపర్లు వస్తాయి. సరే, కట్టారే అనుకోండి. ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. స్థానిక సంస్థలు వసూలు చేసిన సెస్సును జమ చేయలేదని, బకాయిలు పేరుకుపోయాయని ఏటా ఏదో ఒక జిల్లా నుంచి వార్త వస్తూనే ఉంటుంది. పాఠకుడి పేరు చెప్పి వసూలు చేసిన సొమ్ము జీతాలకో, కాలువల పూడికకో పోతుంది. సంఘం ఆలస్యంగా కడితే నెలకు 2 శాతం వడ్డీ వేస్తారు. మునిసిపాలిటీ ఆలస్యం చేస్తే ఎవరు ఎవరికి వడ్డీ కట్టాలి?

ఈ ప్రాంతానికి ఈ మాట గట్టిగా చెప్పే హక్కుంది. 1892లో విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభవారు ‘కన్యాశుల్కం’ ఆడారు. ఆనాడు సంస్థానం అండ ఉంది కాబట్టి రిహార్సల్‌కు చోటెక్కడని ఎవరూ వెతుక్కోలేదు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావుగారు పురస్కారాల సొమ్ము పెట్టి, తెలుగు కథలన్నీ ఒకచోట ఉండాలని 1997 ఫిబ్రవరి 22న కథానిలయం తెరిచారు. రాజుగారి తర్వాత మనకు మిగిలింది ఇలాంటి మాస్టార్లే. ఇవాళ ఈ రెండు పట్టణాల్లో కొత్తగా లేచేవన్నీ ఫంక్షన్ హాళ్లు. పూటకు వేలు పోస్తే గాని అక్కడ తలుపు తీయరు. పదిమంది కుర్రాళ్లు నాటకం కట్టుకోవాలంటే ఏదో ఒక బడి హెడ్మాస్టరు కాళ్లావేళ్లా పడి, ఆదివారం తాళాలు తెచ్చుకోవాలి.

రెండు ఊళ్లూ ఇప్పుడు నగరపాలక సంస్థలే. మినహాయింపు కోరుతూ తీర్మానం చేసి ప్రభుత్వానికి పంపడానికి అయ్యే ఖర్చు ఒక కాగితం. చట్టం మారేవరకు కనీసం ఆ సెస్సు వరుసనైనా ఈ సంఘాల నోటీసుల నుంచి తీసేయించమని అందులోనే అడగవచ్చు.

ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30లోగా కడితే 5 శాతం రాయితీ ఉంటుంది. ఆ రాయితీ వదులుకోకూడదని కార్యదర్శిగారు ఈసారి తన పింఛను డబ్బులోంచి సర్దారు. సంఘం ఆయనకు తిరిగి ఇవ్వాలి కాబట్టి రెండు మాసపత్రికలు మానిపించారు. బల్ల మీద వాటి పాత సంచికలే ఉన్నాయి.