కిడ్నీ రోగికి నడుం నొప్పి వస్తే?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇంతమందికి కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందని ఏళ్లుగా మాట్లాడుతూనే ఉన్నాం. నీళ్లా, పురుగుమందులా, ఎండలో చాకిరీనా అని కారణం ఇంకా వెతుకుతూనే ఉన్నారు. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. మంచిదే. నా గొడవ వేరు. కిడ్నీ డాక్టర్ దగ్గరున్నంతసేపు రోగికి పెద్ద భయం లేదు, వేరే జబ్బుకి వేరేచోట మందు వేయించుకున్నప్పుడే అసలు తంటా.

ఉద్దానంలోని కవిటి వైపు కొబ్బరి తోటలో రోజంతా పనిచేసిన మనిషికి నడుం పట్టేస్తుంది. ఆర్‌ఎంపీ దగ్గరికెళ్తే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు సూది, మందుల షాపుకెళ్తే చీటీ లేకుండానే నాలుగు బిళ్లలు. ఈ మందులు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి, దాంతో అంతంతమాత్రంగా పనిచేస్తున్న కిడ్నీ ఒక్కోసారి వారంలోనే చతికిలపడుతుంది. అలాగని ఆర్‌ఎంపీని ఒక్కడినే తిడితే ఎలా? కిడ్నీ సంగతి అడక్కుండా, కిడ్నీని దెబ్బతీయగల అమికాసిన్ అనే యాంటీబయాటిక్‌ని మామూలు డోసులో రాసేసే డిగ్రీ డాక్టర్లూ ఉన్నారు.

ఇంకో చిక్కు క్రియాటినిన్, అంటే కిడ్నీ పనితీరు తెలుసుకోడానికి రక్తంలో చూసే వ్యర్థ పదార్థం. రిపోర్టులో 1.2 కనిపిస్తే 'నార్మలే' అనేస్తారు. అదే 1.2 పాతికేళ్ల కుర్రాడికైతే ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత వేగంగా వడగడుతున్నాయో చెప్పే అంచనా అంకె) 86 దాకా వస్తుంది, 65 ఏళ్ల ఆవిడకైతే 50 దగ్గరే ఆగిపోతుంది. వయసు, ఆడా మగా తెలిస్తే చాలు, ఫోన్‌లో అర నిమిషం లెక్క. ఆ అంకెను ఓపీ చీటీ మీద ఎర్ర ఇంకుతో రాసిస్తే ఎంత ఖర్చవుతుంది చెప్పండి? మెట్‌ఫార్మిన్ లాంటి షుగర్ మందు కూడా ఈజీఎఫ్‌ఆర్ 30 కంటే కిందికి పడిపోతే ఆపేయాలి, ఏళ్లనాటి చీటీ చూపించి అదే బిళ్ల కొనుక్కునేవాళ్లకి ఈ మాట చెప్పేదెవరు?

డయాలసిస్ కోసం ఫిస్టులా వేసిన (ఆపరేషన్‌తో ధమనినీ సిరనీ కలిపిన) చేతికి మామూలుగా సూది గుచ్చకూడదు, బీపీ పట్టీ చుట్టకూడదు. జ్వరానికి అడ్మిట్ అయితే రాత్రి డ్యూటీలోని కొత్త నర్సుకి ఆ సంగతి ఎవరూ చెప్పరు, సెలైన్‌కి ఆ చెయ్యే దొరుకుతుంది.

అన్నిటికంటే కష్టం కొబ్బరి నీళ్లు. నీరసంగా ఉందంటే ఉద్దానంలో ఎవరైనా ముందు బొండమే కొట్టిస్తారు. అందులో పొటాషియం ఎక్కువ, డయాలసిస్ మీదున్నవాళ్లకి గుండె లయ తప్పించేంత ప్రమాదం. పెరట్లో చెట్టున్న మనిషికి అది ఎందుకు వద్దో అర్థమయ్యేలా చెప్పాలంటే పది నిమిషాలైనా కావాలి, రద్దీ ఓపీలో డాక్టర్‌కి రెండు నిమిషాలు కూడా మిగలడం లేదు.