మ్యూనిక్‌లో ఆదివారం ఆకలి

శనివారం రాత్రి ఎనిమిది దాటిందంటే మ్యూనిక్‌లో మామూలు సూపర్‌మార్కెట్లన్నీ మూతే. మళ్లీ పాలు, బ్రెడ్డు కొనాలంటే సోమవారం ఉదయం దాకా ఆగాలి. ఆదివారం విశ్రాంతి దినమని 1919 నాటి జర్మనీ రాజ్యాంగంలో (వైమార్ రాజ్యాంగమంటారు) రాసుకున్నారు, ఆ మాటను ఇప్పటి రాజ్యాంగంలోనూ నిలుపుకున్నారు. పనిచేసేవాళ్లకు సెలవు ఉండాల్సిందే, కాదనను. కానీ హాస్టల్ ఫ్రిజ్‌లో జానెడు చోటు దొరికితే చాలనుకునే యాత్రికుడు ఆదివారం సరుకులు కూడా ముందే కొని ఎక్కడ దాచుకోవాలి? ప్రధాన రైల్వే స్టేషన్‌లో కొన్ని దుకాణాలు తెరిచే ఉంటాయి, నిజమే. ఆ రోజు ఊళ్లో సగం మంది అక్కడే ఉన్నారేమో అనిపిస్తుంది.

పోనీ, మిగతా రోజుల్లో సుఖమా? కౌంటర్ దగ్గర ఆవిడ స్కాన్ చేసే వేగానికి పెరుగు డబ్బా మీద బంగాళాదుంపలు, వాటి మీద పక్కవారి సరుకులు వచ్చిపడతాయి. సంచి మనదే, సర్దుకోవడమూ మన పనే. పర్సులో నాణేలు వెతుకుతుంటే వెనక నిట్టూర్పులు మొదలు.

అన్నింటికన్నా ఒళ్లు మండేది సీసాల డిపాజిట్. చవకని తీసుకున్న ప్లాస్టిక్ నీళ్ల సీసాకు బిల్లులో అదనంగా 25 సెంట్లు! ఖాళీ సీసాను దుకాణంలోని యంత్రంలో వేసి వెనక్కిస్తే ఆ డబ్బు వస్తుందంటారు. సంచిలో నలిగి బార్‌కోడ్ చెడిందా, యంత్రం దాన్ని బయటికి నెట్టేస్తుంది. తీసుకున్నా చేతికి వచ్చేది డబ్బు కాదు, చీటీ. అది పట్టుకుని మళ్లీ అదే వరుసలో నిలబడాలి. మామూలు గాజు బీరు సీసాకైతే డిపాజిట్ 8 సెంట్లే. నీళ్లు తాగేవాడి మీదే ఎందుకో ఇంత కక్ష!