జాన్ డీకన్ ఎక్కడికీ పోలేదు

బ్రిటిష్ రాక్ బృందం క్వీన్ గురించి ఎక్కడ మాట వచ్చినా, మంద్ర స్వరాలు పలికే బేస్ గిటార్ వాయించిన జాన్ డీకన్ దగ్గరకు వచ్చేసరికి కథ రెండు ముక్కల్లో ముగిసిపోతుంది: ఆయన నెమ్మదస్తుడు, గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ పోయాక ఎవరికీ కనబడకుండా పోయాడు. ఈ రెండూ పూర్తిగా అబద్ధాలు కావు. కానీ వాటిని పక్కపక్కన పెట్టి చెప్పే తీరులో ఒక జాలి ధ్వనిస్తుంది. అదృష్టం కలిసొచ్చి గొప్పవాళ్ల మధ్య చోటు సంపాదించుకున్న ఒక మామూలు మనిషి, ఆ గొప్పవాడు పోగానే నిలబడలేకపోయాడన్న అర్థం వస్తుంది. నా పేచీ ఆ అర్థంతోనే. డీకన్ జీవితంలో ఏ దశను తీసుకున్నా, తన వంతు ఎంతో ఆయనే నిర్ణయించుకుని అంత మేరకే చేశారనీ, చివరికి మానుకోవడం కూడా అలాంటి నిర్ణయమేననీ నేను అనుకుంటున్నాను.

క్వీన్ కథతో 2018లో వచ్చిన ‘బొహీమియన్ రాప్సొడీ’ సినిమాను మన ఇళ్లలో పెద్దలూ పిల్లలూ కలిసే చూశారు. ఫ్రెడ్డీ అసలు పేరు ఫరోఖ్ బుల్సారా అనీ, జాంజిబార్‌లో పుట్టిన పార్సీ అనీ, మహారాష్ట్రలోని పంచ్‌గనిలో హాస్టల్లో ఉండి చదువుకున్నాడనీ తెలిసి, మనవాడే కదా అని మురిసిపోయాం. ఆ సినిమాలో ఫ్రెడ్డీ మొదటి కచేరీకే డీకన్ పక్కన నిలబడి ఉంటారు. జరిగింది వేరు. 1970లో ఫ్రెడ్డీ, గిటార్ వాయించే బ్రయన్ మే, డ్రమ్స్ వాయించే రోజర్ టేలర్ కలిసి క్వీన్ మొదలుపెట్టాక బేస్ వాయించడానికి ముగ్గురు వచ్చారు, వెళ్లారు. 1971లో వచ్చిన డీకన్ నాలుగోవారు. అప్పటికి ఆయన వయసు పంతొమ్మిదేళ్లు. తాము ముగ్గురూ ఎలాగూ హడావిడి మనుషులం కాబట్టి నెమ్మదైన నాలుగోవాడు ఇబ్బంది లేకుండా ఇమిడిపోతాడనుకున్నామనీ, అతనికి ఎలక్ట్రానిక్స్ తెలియడం కూడా తమ నిర్ణయానికి ఒక పెద్ద కారణమనీ టేలర్ తర్వాత చెప్పుకొచ్చారు. అంటే సంగీతంతో పాటు ఆయన స్వభావాన్నీ చదువునూ కూడా చూసే తీసుకున్నారు. సినిమాకు ఈ వెతుకులాట అక్కర్లేకపోయింది. దాంతో డీకన్ ఎంపిక చేసుకోవలసి వచ్చిన మనిషిగా కాక, ముందునుంచీ అక్కడ పడి ఉన్న సామానులా కనిపిస్తారు.

ఆయన 1951 ఆగస్టు 19న ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో పుట్టి, ఆ పక్కనే ఉన్న ఓడ్‌బీలో పెరిగారు. తండ్రి బీమా కంపెనీ ఉద్యోగి. డీకన్‌కు పదేళ్లు దాటిన కొద్దికాలానికే పోయారు. బళ్లో ఉండగానే స్నేహితులతో కలిసి కట్టిన బృందంలో మొదట మామూలు గిటారే వాయించి, బేస్ వాయించే కుర్రవాడి చోటు ఖాళీ అయితే దానికి మారారు. ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బేస్ అనే వాయిద్యాన్ని మొదట బజారులోకి తెచ్చింది కూడా 1951లోనే కావడం, ఆ తర్వాత ఆయన భుజాన ఎక్కువకాలం వేలాడింది అదే కావడం నాకు సరదాగా అనిపించే కాకతాళీయం.

లండన్‌లోని చెల్సీ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదివి ఆయన ఫస్ట్ క్లాసులో పాసయ్యారు. “ముందు ఇంజనీరింగు పూర్తి చెయ్యి, తర్వాత నీ ఇష్టం” అని పిల్లలకు చెప్పే మనకు క్వీన్ కంటే మంచి ఉదాహరణ దొరకదు: మే భౌతికశాస్త్రం చదివి 2007లో డాక్టరేటు కూడా పుచ్చుకున్నారు, టేలర్ జీవశాస్త్రం, ఫ్రెడ్డీ చిత్రకళ. అయితే మిగతావారి చదువులు చాలావరకు సంగీతానికి బయటే ఉండిపోగా, డీకన్ చదువు నేరుగా పాటల్లోకి వచ్చేసింది.

దానికి సాక్ష్యం పుస్తకాల అరలో పట్టేంత చిన్న పెట్టె. 1972 ప్రాంతంలో లండన్ వీధిలో చెత్త పారేసే తొట్టిలో తీగలు వేలాడుతున్న ఒక సర్క్యూట్ బోర్డు డీకన్ కంట పడింది. అది ఏదో పాత రేడియోలోనిది. ఆయన దాన్ని ఇంటికి తెచ్చి ఒక చిన్న స్పీకర్ పెట్టెలో బిగించి, తొమ్మిది వోల్టుల బ్యాటరీ తగిలించి, ఇంట్లో సాధన చేసుకోవడానికి ఆంప్లిఫయర్ తయారు చేసుకున్నారు. దానికి శబ్దం పెంచే బటన్ లేదు, తగ్గించే బటన్ లేదు. లోపల ఉన్నవి పాతకాలపు జెర్మేనియం ట్రాన్సిస్టర్లు కావడంవల్ల, గట్టిగా వాయిస్తే శబ్దం చీలిపోకుండా మెత్తగా, గొంతుతో పాడినట్టు సాగుతుంది. ఆ గుణాన్ని మే పసిగట్టి, తన గిటారును ఆ పెట్టెగుండా వినిపిస్తూ పొర మీద పొర రికార్డు చేసి, వయొలిన్లలా, బాకాలలా, పాతకాలపు జాజ్ మేళంలా పలికించారు. 1975 నాటి ‘గుడ్ కంపెనీ’ పాటలో వినిపించే క్లారినెట్లూ ట్రాంబోన్లూ అన్నీ ఆ గిటారే. తమ రికార్డుల్లో సింథసైజర్ (విద్యుత్తుతో కృత్రిమంగా ధ్వనులు పుట్టించే వాయిద్యం) వాడలేదని క్వీన్ ఆ రోజుల్లో అట్టల మీద గర్వంగా అచ్చు వేసుకునేది. ఆ గర్వంలో కొంత వాటా చెత్తతొట్టిలోంచి వచ్చిన బోర్డుకు చెందుతుంది. ఇవాళ్టికీ దాని పేరు డీకీ ఆంప్.

1973లో వచ్చిన మొదటి ఆల్బమ్ అట్ట మీద ఆయన పేరును తిరగేసి ‘డీకన్ జాన్’ అని వేశారు. వినడానికి గమ్మత్తుగా ఉంటుందని. ఇంటిపేరు ముందు రాసుకునే మనకు అందులో వింతేమీ లేదు గానీ ఆయనకు నచ్చలేదు, తర్వాతి ఆల్బమ్ నుంచి సరిచేయించుకున్నారు. నోరు లేనివాడని ఆయన గురించి అనుకునేవారు ఈ చిన్న సంగతిని గుర్తుంచుకోవాలి.

ఇక పాటల విషయం. నలుగురిలో డీకన్ ఒక్కరే గాయకుడు కారు. ఆయన రాసిన ప్రతి పాటనూ మరొకరి గొంతుకు అప్పగించవలసిందే. రాసినవి కూడా తక్కువ, ఆల్బమ్‌కు ఒకటో రెండో. కానీ ఆ కొద్దింటిలో ఎన్ని నిలిచాయో చూడండి. 1975లో ‘యు ఆర్ మై బెస్ట్ ఫ్రెండ్’ భార్య కోసం రాశారు. దానికి కావలసిన ఎలక్ట్రిక్ పియానో అంటే ఫ్రెడ్డీకి గిట్టదు, వాయించనన్నారు. డీకన్ వాదన పెట్టుకోకుండా, దాన్ని ఇంటికి తీసుకుపోయి నేర్చుకుని, రికార్డింగులో తానే వాయించారు. 1984 నాటి ‘ఐ వాంట్ టు బ్రేక్ ఫ్రీ’లో గిటార్ సోలో రావలసిన చోట సింథసైజర్ వినిపిస్తుంది, దాన్ని వాయించింది బయటి నుంచి వచ్చిన ఫ్రెడ్ మాండెల్. బ్రయన్ మే లాంటి గిటార్ విద్వాంసుడు పక్కనే ఉండగా ఆ చోటును మరొక వాయిద్యానికి ఇవ్వడం మొహమాటస్తుడు చేసే పని కాదు.

అన్నిటికంటే పెద్దది 1980లో వచ్చిన ‘అనదర్ వన్ బైట్స్ ది డస్ట్’. న్యూయార్క్ బృందమైన షీక్ ముందటి ఏడాది విడుదల చేసిన ‘గుడ్ టైమ్స్’ ఛాయ అందులో స్పష్టంగా ఉంది. ఆ పాటకు బేస్ వాయించిన బెర్నార్డ్ ఎడ్వర్డ్స్, డీకన్ తమ స్టూడియోకు వచ్చి కొంతకాలం గడిపారని చెప్పారు కూడా. రాక్ బృందంలో ఇలాంటి నాట్యపు పాట ఏమిటని టేలర్‌కు మొదట రుచించలేదు, ఫ్రెడ్డీ మాత్రం పట్టుబట్టి, గొంతు పుండు పడేదాకా పాడారని మే చెబుతారు. మైకేల్ జాక్సన్ విని దీన్ని విడిగా విడుదల చేయమన్నారు. ఆ అక్టోబరులో అమెరికా పట్టికలో మూడు వారాలు మొదటి స్థానంలో ఉంది.

ఆ పాట మొదట్లో వేళ్లు చేసే పనిని గమనించండి. బేస్ గిటారులో అన్నిటికంటే లావుపాటి తీగను ఎక్కడా నొక్కకుండా, వట్టి తీగగానే, మూడుసార్లు మీటుతారు. ఆగుతారు. మళ్లీ అదే తీగను కాస్త వేగంగా మీటి, దానికి పైనున్న రెండు స్వరాలను అంటీ అంటనట్టు తాకి, మళ్లీ ఆగుతారు. అంతే. ఆ ఆగిన చోట డప్పు దెబ్బ తప్ప మరేమీ లేదు, కాని విన్నవాడి కాలు కదిలేది సరిగ్గా అక్కడే. పిల్లలను కర్ణాటక సంగీతం క్లాసుకు తీసుకెళ్లే తల్లిదండ్రులకు ఇది కొత్త సంగతి కాదు: తాళంలో చరచిన దెబ్బ సశబ్ద క్రియ అయితే, చేతిని వట్టిగా విసిరేది నిశ్శబ్ద క్రియ, లెక్కలో రెండింటికీ ఒకే విలువ. మరుసటి ఏడాది గాయకుడు డేవిడ్ బోవీతో కలిసి చేసిన ‘అండర్ ప్రెషర్’లోని ప్రసిద్ధమైన బేస్ పలుకులో ఉన్నవి రెండంటే రెండే స్వరాలు. (చదివేవారిలో డాక్టర్లు ఉంటే వారికి ఒక మాట: ‘అనదర్ వన్ బైట్స్ ది డస్ట్’ నడక నిమిషానికి సుమారు 110 దెబ్బలు కావడంవల్ల, ఆగిన గుండెను ఛాతీ నొక్కి ఆడించే వేగానికి సరిగ్గా సరిపోతుంది. సాహిత్యం మాత్రం మనుషులు నేల కూలడం గురించి. రోగి బంధువుల ముందు పైకి పాడకపోవడం మంచిది.)

మనకు ఈ వాయిద్యంతో పరిచయం లేదనుకోవడానికి వీల్లేదు. ఎనభైలలో ఇళయరాజా పాటలు వింటూ పెరిగిన తెలుగువారికి, పల్లవి కింద మరొక రాగంలా నడిచే బేస్ గిటార్ చెవుల్లో ఇంకిపోయే ఉంటుంది. ఎవరు వాయించారని మాత్రం మనం అడగలేదు. మన సాంస్కృతిక కార్యక్రమాల కరపత్రాల మీద కూడా గాయకుల ఫొటోలు ఉంటాయి, వాయించే పిల్లలు ‘మరియు బృందం’ అవుతారు. డీకన్ గురించి ఇంత పొడుగ్గా రాయడానికి అదీ ఒక కారణమే.

డబ్బు లెక్కలు కూడా ఆయనే చూసేవారు. పాటలు పైకి వచ్చినా చేతికి డబ్బు రాని తొలి రోజుల్లో అప్పటి మేనేజర్లను ఇల్లు కొనడానికి కొంత అడిగితే ఇవ్వలేదు. 1975లో ఆ ఒప్పందం నుంచి బయటపడ్డాక, బృందం జమాఖర్చుల మీద ఆయన కన్ను ఎప్పుడూ ఉండేది. పాట అమ్మకాల మీద వచ్చే రాయల్టీ రాసినవారికే పోయే పద్ధతివల్ల నలుగురి మధ్యా గొడవలు వచ్చేవి. 1989 ఆల్బమ్ నుంచి ఎవరు రాసినా నలుగురి పేర్లూ వేయాలని నిర్ణయించుకున్నారు. అప్పటికే పెద్ద పాటలు సొంత పేరు మీద ఉన్న డీకన్‌కు అది లాభసాటి బేరమేమీ కాదు.

1991 నవంబరు 24న ఫ్రెడ్డీ ఎయిడ్స్‌తో మరణించారు. ఆ తర్వాత డీకన్ మర్నాడే తలుపులు మూసుకున్నారనుకుంటే పొరపాటు. 1992 ఏప్రిల్‌లో వెంబ్లీలో జరిగిన సంస్మరణ కచేరీలో వాయించారు. ఫ్రెడ్డీ వదిలివెళ్లిన గొంతు ముక్కలకు సంగీతం కూర్చి 1995లో విడుదల చేసిన ‘మేడ్ ఇన్ హెవెన్’ పని పూర్తిచేశారు. 1997 జనవరిలో పారిస్‌లో మోరిస్ బెజార్ నృత్యప్రదర్శన చివర ఎల్టన్ జాన్ పాడగా మే, టేలర్‌లతో కలిసి వేదిక ఎక్కారు. ఆ ఏడాదే ఫ్రెడ్డీని తలుచుకుంటూ ముగ్గురూ చేసిన ఒక పాటకు బేస్ వాయించారు. ఆరేళ్లపాటు మిగిలిన పనిని ఒక్కొక్కటిగా ముగించి, 46వ ఏట ఆపేశారు. దుఃఖం లేదని నేననడం లేదు. ఫ్రెడ్డీ లేని క్వీన్‌లో అర్థం లేదని ఆయన భావించినట్టు మిగతా ఇద్దరూ చెప్పారు. అయితే కూలిపోయిన మనిషి ఇంత వరుసగా బాకీలు తీర్చి వెళ్లడు.

2001లో అమెరికాలోని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి క్వీన్‌ను తీసుకున్నప్పుడు మే, టేలర్, ఫ్రెడ్డీ తల్లి వచ్చారు, డీకన్ రాలేదు. గాయకుడు పాల్ రాడ్జర్స్‌తోనూ, ఆ తర్వాత మరో గాయకుడు ఆడమ్ లాంబర్ట్‌తోనూ మిగతా ఇద్దరూ కచేరీలు కొనసాగించారు. అందులో తప్పేమీ నాకు కనిపించదు. వాయించాలనిపించినవారు వాయిస్తారు. ఇద్దరు కొనసాగడం నిష్ఠ అయితే మూడోవారు ఆగడం లోపం ఎలా అవుతుందన్నదే నా ప్రశ్న. పదవీ విరమణ చేసిన ప్రతి మనిషినీ “ఇప్పుడేం చేస్తున్నారు?” అని నిలదీసే అలవాటు మన సమాజంలోనూ గట్టిగానే ఉంది. దానికి “ఏమీ చెయ్యడం లేదు, బాగున్నాను” అనే జవాబు మనకు ఎందుకో చాలదు.

పైగా ఆయన మాయమైపోయారన్న మాటే సరికాదు. క్వీన్ పాట ‘వి ఆర్ ది ఛాంపియన్స్’ను 2001లో రాబీ విలియమ్స్ చేత మళ్లీ పాడించినప్పుడు, పాటను చెడగొట్టారని పత్రికకు నిర్మొహమాటంగా చెప్పారు. క్వీన్ వ్యాపార వ్యవహారాలు ఆయనకు చేరుతూనే ఉంటాయనీ, లెక్కల మీద ఆయన దృష్టి ఇంకా ఉందనీ మే, టేలర్ పలుమార్లు చెప్పారు. ఫొటో తీయించుకోని మనిషిని అజ్ఞాతవాసి అని పిలవడం పత్రికలకు లాభం కావచ్చు. లండన్‌లో తన ఇంట్లో ఉంటూ, ఆరుగురు పిల్లలను పెంచి, బృందం లెక్కల మీద కన్నేసి ఉంచే మనిషికి ఆ పేరు నప్పదు.