ఉమ్మి జాతకాలు

గొట్టంలో ఉమ్మి పంపండి, పక్షవాతం ముప్పు ఎంతో చెబుతామని జన్యు పరీక్షల వ్యాపారులు ఊదరగొడుతున్నారు. ముందే తెలిస్తే మనిషి జాగ్రత్తపడతాడన్నది వారి సమర్థన. కావచ్చు. చేతికొచ్చే నివేదికలో మాత్రం పైన ఎర్రగా 'అధిక ముప్పు', అడుగున చీమతలకాయంత అక్షరాల్లో 'ఇది రోగనిర్ధారణ కాదు'. ఈ రెండు నాల్కల ధోరణే మా అభ్యంతరం.

జన్యువుల పాత్రను కాదనేవారు లేరు. 2022 నాటి గిగాస్ట్రోక్ అధ్యయనం 1.10 లక్షల మంది పక్షవాత (స్ట్రోక్) రోగులను 15 లక్షల మంది ఇతరులతో పోల్చి, ఆ జబ్బుతో ముడిపడిన 89 జన్యుస్థానాలను గుర్తించింది. వాటిలో పిట్‌ఎక్స్2 అనే జన్యువు దగ్గరి తేడాలది గుండె లయ తప్పి రక్తపు గడ్డ మెదడుకు చేరే దారి. హెచ్‌డాక్9 జన్యువు దగ్గరివాటిది పెద్ద ధమనులు పూడుకుపోయే దారి. రెంటికీ వాడే మందులూ వేరే. ఇన్ని దారులను కలగలిపి ఒక్క అంకెగా అమ్మితే డాక్టరు దానితో ఏం చేయాలి?

ఆ అంకె బలమైనా ఎంత? జన్యు, ఆరోగ్య వివరాలు భద్రపరిచే బ్రిటన్ బయోబ్యాంకులోని 3,06,473 మందిపై 2018లో వెలువడిన అధ్యయనంలో, జన్యు ముప్పు ఎక్కువున్నవారికి స్ట్రోక్ అవకాశం తక్కువున్నవారికంటే 35 శాతం అధికం. పొగ, ఊబకాయం వంటివి ఉన్న జీవనశైలితో 66 శాతం అధికం. ఉదాహరణకు, వందలో ఇద్దరికి వచ్చే జబ్బు 35 శాతం పెరిగితే ముగ్గురు కూడా కారు. ఎర్ర అక్షరాల పక్కన ఈ లెక్క ఎందుకు వేయరు?

పనికొచ్చే పరీక్షల ఊసు మాత్రం ఎత్తరు. రక్తం గడ్డకట్టకుండా వాడే క్లోపిడోగ్రెల్ మాత్ర కాలేయంలో ప్రధానంగా సీవైపీ2సీ19 ఎంజైము వల్ల మందుగా మారుతుంది. ఆ ఎంజైము జన్యువు రెండు ప్రతులూ చెడితే మాత్ర సరిగా పనిచేయదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2010లోనే మందు వివరాల పత్రంలో గడిగట్టి మరీ హెచ్చరించింది. సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఉన్న పిల్లల్లో, డాప్లర్ స్కానింగులో మెదడు ధమనుల రక్తవేగం సెకనుకు 200 సెంటీమీటర్లకు చేరితే క్రమం తప్పక రక్తం ఎక్కించాలి. తొలి స్ట్రోక్ ముప్పు అలా 90 శాతానికి పైగా తగ్గుతుందని 1998లోనే రుజువైంది. వీటికి ప్రకటనలుండవు. గడ్డకట్టే జబ్బుల విచారణలో వద్దని అమెరికా జన్యువైద్యుల కాలేజీ 2013లో చెప్పిన ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్ జన్యు పరీక్షను మాత్రం ఇంకా అంటగడుతున్నారు.

ఎర్ర అక్షరాలు నిజమైతే అడుగునున్న తప్పించుకునే వాక్యం తీసేయండి. ఆ వాక్యమే నిజమైతే ఎర్ర అక్షరాలు చెరిపేయండి. ఇంతకీ, ఉమ్మి అడిగేముందు బీపీ ఎంతని ఒక్కసారైనా అడిగారా?