‘తెల్వదు’ అంటే తప్పు కాదని పిల్లలకు చెప్పామా?

మా అన్న కూతురికి ఆరేళ్లు. మొన్న హనుమకొండ పోయినప్పుడు ‘పొద్దున నేనేం తిన్న?’ అని అడిగాను. అది చూడనే లేదు. అయినా ‘ఉప్మా’ అంది. మళ్లీ అడిగితే కాసేపు నా మొహంలోకి చూసి ‘దోశ’ అంది.

నవ్వొచ్చింది కానీ, ఇదే పిల్ల రేపు సాక్ష్యం చెప్పాల్సివస్తే? బడిలో తెలియదంటే చీవాట్లు. టీచర్ అదే ప్రశ్న రెండోసారి అడిగిందంటే మొదటి జవాబు తప్పన్నట్టే. ఈ అలవాటుతో కోర్టుకొచ్చిన పిల్లను ఒకే విషయం తిప్పి తిప్పి అడిగితే జవాబు మార్చేస్తుంది. దాన్ని మనం అబద్ధం అంటాం.

చట్టంలో మంచి ఏర్పాట్లే ఉన్నాయి. పిల్లలపై లైంగిక నేరాల కేసులకు తెచ్చిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం వకీలు తన ప్రశ్నలు జడ్జికి ఇవ్వాలి, పిల్లల్ని అడిగేది జడ్జే. నిందితుడు వాళ్ల కంటపడకూడదు. నమ్మకమున్న పెద్దవాళ్లు పక్కన ఉండొచ్చు. ఇక ప్రమాణాల చట్టం ప్రకారం పన్నెండేళ్లలోపు పిల్లలకు ప్రమాణమంటే ఏంటో అర్థం కాకపోయినా, నిజమే చెప్పాలని తెలిస్తే చాలు.

ఇవన్నీ పెద్దలకు తెలిసిన సంగతులు. పిల్లకు తెలిసిందల్లా, అన్నం తినకుంటే ‘పోలీసోళ్లకు పట్టిస్త’ అని మనం బెదిరించిన బెదిరింపే. అందుకే కోర్టుకు రమ్మంటే తప్పు తనదే అనుకుంటుంది. లోపల తను తెలుగులో ఒక మాట చెప్పగానే జడ్జి అదే మాటను ఇంగ్లిషులో చెబుతుంటారు, పక్కన టకటకా టైపు చేస్తుంటారు. తనమీదే ఏదో ఫిర్యాదు రాస్తున్నారని భయపడదా? ‘నువ్వు చెప్పింది మర్చిపోకుండా రాసుకుంటారు బిడ్డా’ అని ముందే ఒక్క మాట చెబితే సగం టెన్షన్ పోతుంది. వీలైతే ముందురోజే తీసుకెళ్లి ఖాళీ హాలు చూపించాలి. ఎవరెక్కడ కూర్చుంటారో చెప్పాలి. అడిగింది అర్థం కాకపోతే మళ్లీ అడగమనొచ్చని, తెలియకపోతే ‘తెల్వదు’ అనొచ్చని చెప్పాలి.

అంతవరకే. పెద్దవాళ్లలో కొందరు ఉత్సాహంకొద్దీ ‘ఇట్ల అడిగితే ఇట్ల చెప్పు’ అని పద్యంలా బట్టీ పట్టిస్తారు. ‘ఇదంతా నీకు ఎవరు చెప్పారమ్మా?’ అని కోర్టులో ఒక్క ప్రశ్న వస్తే చాలు. నిజమే చెప్పమన్నాం కదా, ‘మా అమ్మ’ అని ఠక్కున చెప్పేస్తుంది.