నాన్న మాట్లాడాల్సిన మూడేళ్లు

బారసాల నాడు పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో బిడ్డ పేరు రాసేది తండ్రి. మూడో ఏటో ఐదో ఏటో బాసర తీసుకెళ్లి, ఒళ్లో కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించేదీ చాలా ఇళ్లలో ఆయనే. ఆచారం తండ్రికి తొలి గురువు పీట వేసింది. చిక్కల్లా ఆ రెండు వేడుకల నడుమ గడిచే కాలంతోనే. అప్పుడు నాన్న డైపర్లు కొనుక్కొస్తాడు, టీకాల రోజున బండి తీస్తాడు, ఫొటోలు తీసి స్టేటస్ పెడతాడు. బిడ్డతో కూర్చుని మాట్లాడటం మాత్రం ఆడవాళ్ల పనిగా మిగిలిపోతుంది.

మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యావిధానమే చెప్పింది. అందులోనూ తొలి మూడేళ్లది పెద్ద వాటా. అప్పుడే పుట్టిన బిడ్డకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరం వరకే కాస్త స్పష్టంగా కనిపిస్తుంది. అంటే ఎత్తుకున్నవాళ్ల ముఖం దాకా. రెండో నెల వచ్చేసరికి ‘ఉంగా’ అంటుంది. ఎదుటివాళ్లు ‘ఉంగా’ అని బదులిస్తే మళ్లీ అంటుంది, పలికేవాళ్లు లేకపోతే ఊరుకుంటుంది. మాటలు పుట్టేది ఈ ఇచ్చిపుచ్చుకోవడంలోంచే. దోబూచులాటలో, కంటికి కనిపించనిది లేకుండా పోలేదని తెలుసుకుంటుంది. వీటిలో తల్లికే చేతనైన విద్య ఏదీ లేదు.

అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ పరిశోధకులు, తల్లీతండ్రీ ఇద్దరూ ఉద్యోగం చేసే కుటుంబాలను పరిశీలించి 2006లో ఒక సంగతి ప్రకటించారు. రెండేళ్ల బిడ్డతో తండ్రి ఎన్ని రకాల మాటలు వాడాడన్నదాన్ని బట్టి మూడో ఏట ఆ బిడ్డ మాట్లాడే తీరులో తేడా కనిపించింది. రోజంతా వెంట ఉండే తల్లి సగం మాటకే అర్థం చేసుకుంటుంది. తండ్రికి అది తెలియక ‘ఏంటమ్మా, మళ్లీ చెప్పు’ అంటాడు. ఆ తెలియకపోవడమే బిడ్డ చేత ఇంకో మాట పలికిస్తుందని ఒక వివరణ.

మరి మన ఇళ్లలో ఏం జరుగుతోంది? 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం 15 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లలో 41 శాతం మంది ఇంట్లోవాళ్ల ఆలనాపాలనలో పాలుపంచుకుంటుంటే, మగవాళ్లలో 21.4 శాతమే. పాలుపంచుకున్నవాళ్లలోనూ ఆమెకు రోజుకు 140 నిమిషాలు, ఆయనకు 74 నిమిషాలు. ముసలివాళ్ల సేవ కూడా కలిపిన లెక్క ఇది, పిల్లలది మాత్రమే కాదు.

దీన్ని ప్రేమ లేకపోవడం అనలేం. తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వెళ్తుంది, మూడో నెలలోనో ఐదో నెలలోనో బిడ్డతో అత్తవారింటికి వస్తుంది. బాలింతకు అవసరమైన విశ్రాంతి అక్కడే దొరుకుతుంది కాబట్టి ఈ ఆనవాయితీని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. కానీ ఆ నెలల్లో అల్లుడు ఆదివారపు చుట్టం. ఎత్తుకోబోతే ‘ఇంకా మెడ నిలవలేదు బాబూ, మీకు చేతకాదు’ అంటారు. ఇంటికొచ్చాక బిడ్డ ఆయన్ని చూసి ఏడుస్తుంది, ఆయన వెంటనే తల్లికి అందించేస్తాడు. అక్కడితో ఎవరి పని ఏదో తేలిపోతుంది. ఆపైన కొడుకుని చంకనేసుకుని వీధిలోకొస్తే ‘ఆయా ఉద్యోగం దొరికిందా’ అనే స్నేహితులు ఎలాగూ ఉన్నారు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. దాన్ని కాన్పు నాడే వాడేయాలని లేదు, ఆర్నెల్లలోపు ఎప్పుడైనా తీసుకోవచ్చు. తల్లీబిడ్డలు పుట్టింటి నుంచి వచ్చిన వారమే పెట్టుకుంటే ఆ సెలవుకు అసలైన ప్రయోజనం. ప్రైవేటు రంగంలో పనిచేసే తండ్రికి చట్టం ఒక్క రోజూ ఇవ్వలేదు. 2017లో ప్రసూతి సెలవును 12 నుంచి 26 వారాలకు పెంచిన సవరణ, శిశు సంరక్షణ కేంద్రానికి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకునే వీలును ‘మహిళ’కే రాసిపెట్టింది. తండ్రి వెళ్లి చూడొచ్చన్న ఊహే చట్టానికి రాలేదు. అదే ఏడాది లోక్‌సభలో పెట్టిన పితృత్వ ప్రయోజన ప్రైవేటు సభ్యుడి బిల్లు చట్టం కాలేదు. 2025 నవంబరులో అమల్లోకొచ్చిన కార్మిక కోడ్‌లలోనూ తండ్రి సెలవు ఊసు లేదు. హైదరాబాద్‌లో కొన్ని ఐటీ సంస్థలు తమంతట తాము ఇస్తున్నాయి, సంతోషమే. ఆటో నడిపేవాడికి, తాపీమేస్త్రీకి సెలవంటే ఆ రోజు కూలి పోవడమే.

స్వీడన్ 1974లోనే తల్లిదండ్రుల సెలవును తండ్రులకూ తెరిచింది. తెరిస్తే సరిపోలేదు, సెలవంతా తల్లుల ఖాతాలోకే పోయింది. చివరకు కొంత భాగాన్ని తండ్రి వాడుకోకపోతే మురిగిపోయేలా కట్టడి చేశారు. నేడు ఇద్దరికీ చెరి 90 రోజులు అలా విడిగా ఉన్నాయి. మనం 90 అడగడం లేదు. ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) కింద ఉన్న మహిళకు ప్రసూతి భృతి ఇస్తున్నట్టే, తండ్రికి 15 రోజుల భృతి ఆ నిధి నుంచే ఇవ్వొచ్చు. యజమాని నెత్తిన భారం పడదు, కాబట్టి ‘పెళ్లైన కుర్రాళ్లను తీసుకోం’ అనే సాకూ ఉండదు.

సెలవు దొరికిన తండ్రి ఏం చేస్తాడన్నది ఇంకో సంగతి. ఉత్సాహవంతులైన కొందరు నాన్నలు ఏడాదిన్నర పిల్లకు ఫ్లాష్ కార్డులతో ‘ఎ ఫర్ యాపిల్’ మొదలుపెడుతున్నారు. ఇంకొందరు ఫోన్లో పాటల వీడియో పెట్టి చేతికిస్తున్నారు. ఏడాదిలోపు పిల్లలకు తెర అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. స్నానం చేయిస్తూ చెయ్యి, కాలు, బొజ్జ అని పేర్లు చెప్పడం, సంతలో వంకాయ చేతికిచ్చి తడిమించడం, ఏనుగై వీపు మీద ఎక్కించుకోవడం చదువు కాదనుకునే తండ్రి, ఎల్‌కేజీ సీటు గురించి ఆరాటపడటం మాకు వింతగానే తోస్తుంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన నాన్నలకు ఇవేవీ కుదరవు. వాళ్లకున్నది వీడియో కాల్. చంటిపిల్లలకు తెర వద్దనే పిల్లల వైద్యులే అయినవాళ్ల వీడియో కాల్‌ను మినహాయిస్తారు. పంపిన డబ్బు ముట్టిందా అన్న మాటల తర్వాత పది నిమిషాలు బిడ్డకే ఇచ్చి, అది ఆపిన చోటల్లా బదులు పలకొచ్చు.

పుట్టినప్పటి నుంచి మూడేళ్ల వరకు ఇంట్లో చేయించాల్సిన 140 కృత్యాలతో, 36 నెలల క్యాలెండర్‌తో కేంద్ర ప్రభుత్వం 2024లో ‘నవచేతన’ అనే మార్గదర్శకం తెచ్చింది. 2025 పోషణ మాసంలో పెంపకంలో మగవాళ్ల పాత్రను ఒక అంశంగా పెట్టింది. కాగితం మీద బాగానే ఉంది. ఊళ్లో అంగన్‌వాడీ టీచర్ ఇంటికొచ్చే పగటిపూట తండ్రి పనిలో ఉంటాడు. ఆ క్యాలెండర్ ఒకటుందని ఆయనకు చెప్పేవాళ్లెవరు? నెలకో ఆదివారం తండ్రులను అంగన్‌వాడీ కేంద్రానికి పిలిచి, అమ్మలు లేకుండా వాళ్ల చేతే నాలుగు ఆటలు ఆడించే ఏర్పాటు రెండు తెలుగు రాష్ట్రాలూ చేయాలి. యాప్‌లో నమోదులతోనే సతమతమవుతున్న టీచర్‌కు ఆ ఆదివారానికి బదులు సెలవు, అదనపు భత్యం ఉత్తర్వులోనే రాసివ్వాలి.