రైతులకి అవగాహన లేదండీ, అదే అసలు సమస్య

పల్లెల్లో క్లైమేట్ చేంజ్ మీద ఉపన్యాసాలు ఇంకా పెంచాలని నా డిమాండ్. పొద్దస్తమానం ఎండలో వానలో పొలంలోనే ఉండే మనిషికి ఎండలు వానలు మారిపోయాయని ఎలా తెలుస్తుంది చెప్పండి, ఎవరో ఒకరు ఏసీ కార్లో వచ్చి చెప్పాలి కదా.

మొన్న అలాంటి సభ ఒకటి చూశా. విత్తనాలు వేసే రోజులు, పని ఆపుకుని జనం టెంట్ కింద కూర్చున్నారు. పట్టపగలు ప్రొజెక్టర్ వేస్తే తెర మీద ఏం కనపడుతుంది, హవాయిలో మౌనా లోవా కొండ మీద 1958 నుంచి గాల్లో కార్బన్ డయాక్సైడ్ కొలుస్తున్నారే, అప్పుడు 315 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 315 పాళ్లు) ఉన్నది ఇప్పుడు 420 దాటేసింది, ఆ గ్రాఫ్ అన్నమాట, సార్ "ఈ గీత ఎలా పైకి పోతోందో చూడండి" అని లేజర్ తిప్పుతుంటే అందరూ ఆ ఎర్ర చుక్కనే చూస్తున్నారు. గీత నిజమే, దాన్ని నేను ఎగతాళి చేయట్లేదు. టెంట్ వెనక డీజిల్ జనరేటర్ కూడా దానికి తన వంతు సాయం చేస్తూనే ఉంది.

తర్వాత ఆవుల మీద పడ్డారు. ఆవు కడుపులో మీథేన్ పుడుతుందట, వందేళ్ల లెక్కన చూస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు వేడి పుట్టిస్తుందట, అదీ ఎక్కువగా త్రేన్పుల్లోనే బయటికొస్తుందట. ఇక్కడ మాత్రం సభ లేచి కూర్చుంది. ఆ మీథేన్ పది పన్నెండేళ్లలో విరిగిపోతుందని, మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 90 శాతం బొగ్గు, చమురు, గ్యాస్ లాంటివాటి నుంచే వస్తుందని, అందులో కొంత భాగం వందల ఏళ్లు గాల్లోనే ఉంటుందని చెప్పే స్లైడ్ మాత్రం టైమ్ లేదని స్కిప్ చేశారు. పోన్లెండి, ఆ బొగ్గు కంపెనీల వాళ్లెవరూ టెంట్‌లో లేరు కూడా.

ప్రశ్నలడగండి అన్నారు, అదే తప్పైపోయింది. ఒక పెద్దాయన లేచి "సార్, నెల్లాళ్ల వాన ఒక్క రాత్రే కురిసి మొలకలు కొట్టుకుపోయినయ్, మళ్లీ వేస్తే ఇరవై రోజులు చుక్క లేదు, మూడోసారి ఎప్పుడు వెయ్యమంటారు?" అన్నాడు. సార్ ఓపిగ్గా "అది వెదర్ పెద్దాయనా, నేను చెప్పేది క్లైమేట్, 2100 నాటికి..." అని మొదలుపెట్టారు. ఒక్క డిగ్రీ వేడెక్కితే గాలి సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది, అందుకే కురిస్తే ఒక్కసారే కుమ్మేస్తుంది అని సారే అరగంట క్రితం స్లైడ్ వేసి చూపించారు, పెద్దాయన ఆ స్లైడే అప్పజెప్పాడు, కాకపోతే పీపీఎంలో చెప్పలేదు కాబట్టి అది డేటా కిందకి రాదు.

పంట మార్చండి అని సలహా ఇస్తే వెనక నుంచి ఒకావిడ "మారుస్తాం సార్, కొనేదెవరు?" అంది. అది వేరే డిపార్ట్‌మెంట్ అట.

చూశారా, ఎంత అవగాహన లోపమో. అదే మిగతా ప్రపంచాన్ని చూడండి, గాల్లో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే భూమి వేడెక్కుతుందని 1896లోనే స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ లెక్కగట్టి ఇచ్చాడు, 1988లో వాతావరణ మార్పుల మీద ఐపీసీసీ అని ఐక్యరాజ్యసమితి సంఘం పెట్టారు, 2015లో పారిస్‌లో దేశాలన్నీ కూర్చుని ఫ్యాక్టరీల కాలానికి ముందున్న వేడి కంటే పెరుగుదల 1.5 డిగ్రీలు దాటకుండా ప్రయత్నిస్తాం అనుకున్నాయి, 2024 ఏడాది సగటు ఆ 1.5ని దాటేసింది. ఒక్క ఏడాది దాటితే ఒప్పందం తప్పినట్టు కాదని కూడా వాళ్లకి తెలుసు, అంత అవగాహన! అంత తెలిసినవాళ్లకి మళ్లీ టెంట్ వేసి ఏం చెప్తాం, అందుకే తెలియనివాళ్ల దగ్గరకే వెళ్తున్నాం.

చివర్లో ఫారాలు పంచారు, "సభకి ముందు మీ అవగాహన" అన్నచోట "తక్కువ" దగ్గర టిక్ ముందే కొట్టేసుంది, సంతకం పెడితే చాలు. తర్వాతి సభ కోతల వారంలో పెట్టారు. టాపిక్: రైతుల హాజరు ఎందుకు తగ్గుతోంది.